గిరిజన యువత ఆకాంక్షలు - ఉన్నత వృత్తి విద్య

1961 జనాభా లెక్కల నాటికి మన దేశంలోని షెడ్యూల్డు తెగలలో అక్షరాస్యులు నూటికి తొమ్మిది మంది కూడా లేరు. లెక్క ప్రకారం 8.53 శాతం మాత్రమే. 1981 నాటికి అది 16.35 శాతానికి, 2011 నాటికి దాదాపు 59 శాతానికి చేరింది. అర్ధశతాబ్దిలో వచ్చిన ఈ మార్పుతో ప్రశ్న కూడా మారింది. గిరిజన బాలుడు బడికి వస్తాడా, వచ్చినవాడు నిలుస్తాడా అన్నది ఒకనాటి చింత. ఆ చింత పూర్తిగా తీరలేదు గాని, దాని సరసన మరొక ప్రశ్న వచ్చి నిలిచింది. పదవ తరగతి, ఇంటర్మీడియట్ దాటిన గిరిజన యువతీయువకులు ఏమి కావాలని కోరుకుంటున్నారు? ఆ కోరికను తీర్చిదిద్దుతున్నవి ఏవి?

అఖిల భారత ఉన్నత విద్యా సర్వేక్షణ ప్రకారం 2014-15లో ఉన్నత విద్యాసంస్థలలో 16.41 లక్షల మంది షెడ్యూల్డు తెగల విద్యార్థులు ఉండగా, 2021-22లో ఆ సంఖ్య 27.1 లక్షలు. స్థూల నమోదు నిష్పత్తి దేశం మొత్తానికి 28.4 కాగా తెగలకు 21.2. అంతరం ఇంకా ఉన్నది, తగ్గుతున్నది. అయితే ఈ అంకెలు చెప్పని విషయం ఒకటి ఉన్నది. వచ్చినవారిలో పెద్ద భాగం బి.ఏ. వంటి సాధారణ పట్టాల వైపే సాగుతున్నారు. పాలిటెక్నిక్ డిప్లొమా, నర్సింగు, వైద్య ప్రయోగశాల సాంకేతిక విద్య, వ్యవసాయ డిప్లొమా, ఇంజనీరింగు మొదలైన వృత్తి విద్యా శాఖలను చేరేవారు తక్కువ. ఎందుకిలా అని అడిగితే సాధారణంగా వినవచ్చే సమాధానం, వారికి ఆసక్తి లేదన్నది.

ఈ సమాధానం ఎంత సులభమో అంత అసమగ్రం. మానవశాస్త్రవేత్త అర్జున్ అప్పాదురై 2004లో ప్రచురించిన ఒక వ్యాసంలో ఆకాంక్షించడం కూడా ఒక సామర్థ్యమేనని ప్రతిపాదించారు. మేలైన జీవితం కావాలన్న కోరిక ధనికునికీ పేదవానికీ సమానమే. కాని కలిగినవారి బిడ్డకు తాను నేడు నిలిచిన చోటికీ, చేరదలచిన గమ్యానికీ మధ్యగల మజిలీలన్నీ తెలుసు. వాటిని దాటినవారు అతని ఇంటనే ఉంటారు. పేదవానికి గమ్యం పేరు తెలిసినా మజిలీలు తెలియవు. అనగా లోపించినది కోరిక కాదు, దారి పటం. ఈ దృష్టితో చూచినప్పుడు గిరిజన విద్యార్థుల ఎంపికలు అర్థవంతంగా కనిపిస్తాయి.

ఇక్కడ ఒక చిన్న మాట. 'గిరిజనులు' అన్న తెలుగు పదం కొండలను తలపునకు తెస్తుంది. హిందీలో 'జనజాతి', 'ఆదివాసి' అన్న పదాలకు ఆ పరిమితి లేదు. మైదానాలలో, కాలువ గట్ల వెంట నివసించే యానాదులు, ఎరుకలవారు కూడ షెడ్యూల్డు తెగల జాబితాలోనివారే. కనుక ఇక్కడ చెప్పబోయేవన్నీ అన్ని తెగలకూ ఒకే రీతిగా వర్తించవు. 2011 జనాభా లెక్కలలో పేర్కొన్న తెగల సంఖ్యే 700 దాటినది.

ముందు నడిచినవారి అడుగుజాడలు

ఏజెన్సీ గ్రామంలోని బాలుడు తన బాల్యంలో చూచే ఉద్యోగులు ఎందరు? పంతులుగారు, ఎ.ఎన్.ఎం., అంగన్‌వాడీ కార్యకర్త, అటవీ గార్డు, కానిస్టేబులు. సర్వేయరును, విద్యుత్ శాఖ ఇంజనీరును, ఎక్స్‌రే తీసే టెక్నీషియనును అతడు చూచి ఉండకపోవచ్చు. చూచినా, ఆ పనికి ఏ చదువు చదవాలో, ఎక్కడ చదవాలో చెప్పగలవారు చుట్టుపక్కల లేరు. అందువల్ల 'పంతులు కావాలి' అన్న కోరిక ఎన్నో గిరిజన కుటుంబాలలో మొదటి కోరిక అయింది. ఇది కోరిక చిన్నదై కాదు. కంటికి కనిపించినది అదే గనుక.

ఈ కోరికకు మన ప్రాంతంలో పాత చరిత్ర ఉన్నది. 1940లో కుమ్రం భీము నాయకత్వాన సాగిన గోండుల తిరుగుబాటును అణచివేసిన పిమ్మట, హైదరాబాదు ప్రభుత్వం మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫును గోండుల స్థితిగతుల పరిశీలనకు నియమించింది. ఆయన ప్రోత్సాహంతో 1943లో ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో శిక్షణ కేంద్రం ఏర్పడింది. గోండు యువకులకే అక్కడ శిక్షణ ఇచ్చి, గోండు గ్రామాలకు ఉపాధ్యాయులుగా పంపించారు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారైనవి. ఆనాటి విద్యార్థులలో కొందరు ఇతర చిన్న ఉద్యోగాలలోనూ చేరారు. శిక్షణ, ఉద్యోగం, స్వగ్రామం ఈ మూడూ ఒకే వరుసలో కనిపించినప్పుడు చదువు మీద నమ్మకం ఎంత త్వరగా కుదురుతుందో మార్లవాయి చూపింది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2000 సంవత్సరంలో జారీ చేసిన 3వ నంబరు ఉత్తర్వు ఇదే వరుసను మరింత విశాలంగా ఏర్పరచింది. షెడ్యూల్డు ప్రాంతాల పాఠశాలలలో ఉపాధ్యాయ పదవులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించబడినవి. వాటిలో మూడవ వంతు మహిళలకు. ఈ ఉత్తర్వు వెలువడిన తరువాత ఉపాధ్యాయ శిక్షణ ఏజెన్సీ యువతకు అందరికీ తెలిసిన రాజమార్గమైంది. ఇంటర్మీడియట్ చదివే పిల్లవాడికి గమ్యమూ తెలుసు, మజిలీలూ తెలుసు.

2020 ఏప్రిల్ 22న సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం నూటికి నూరు శాతం రిజర్వేషను చెల్లదని ఈ ఉత్తర్వును కొట్టివేసింది. అప్పటికే జరిగిన నియామకాలను మాత్రం షరతులతో కాపాడింది. తీర్పులోని రాజ్యాంగ సూత్రం వేరొక చర్చ. విద్యార్థి వైపు నుండి చూచినపుడు గమనించదగినది మరొకటి. ఒక సమాజం తన ఆశలన్నింటిని ఒకే ఉద్యోగానికి ముడివేసి ఉంచితే, ఆ ముడి విడిపోయిన నాడు ఎదురయ్యే శూన్యం పెద్దది. ఉపాధ్యాయ శిక్షణ పొంది ఎదురుచూస్తున్న యువకునికే కాదు, అతనిని చూచి చదువు సాగిస్తున్న తమ్మునికి కూడ ఆ నాటితో దారి మసకబారుతుంది. ఇరవై ఏళ్ల పాటు ఆ రాజమార్గం పక్కన మరికొన్ని బాటలు వేసి ఉంటే ఇంత కష్టం వచ్చేది కాదు. పాలిటెక్నిక్‌కు, నర్సింగుకు, సర్వే శిక్షణకు వెళ్లి స్థిరపడిన వారు ప్రతి మండలంలో పదిమంది ఉన్నా, వారిని చూచి మరో వందమంది బయలుదేరేవారు.

పాఠం ఏ భాషలో?

గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న రోజులలోనే సవరల భాష నేర్చుకొని, సొంత ఖర్చుతో వారికి బడులు పెట్టించారు. సవర భాషకు నిఘంటువు కూర్చారు. సవర పిల్లవానికి సవర భాషలోనే మొదటి అక్షరం చెప్పాలన్న ఆయన దృష్టి తరువాతి కాలంలో రాజ్యాంగంలోని 350ఎ అధికరణంలో దేశమంతటికి ఆదేశమైంది. 2003 నాటి రాజ్యాంగ సవరణ ద్వారా సంతాలి, బోడో భాషలు ఎనిమిదవ షెడ్యూలులో చేరినవి. ఆంధ్రప్రదేశ్‌లో 2004లో సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి మొదలైన ఎనిమిది భాషలలో బహుభాషా బోధన ఆరంభమైంది.

ఇదంతా ప్రాథమిక దశకు సంబంధించినది. వృత్తి విద్యకు వచ్చేసరికి సమస్య మరొక రూపం ధరిస్తుంది. ఒక సవర విద్యార్థిని ఊహించుకుందాం. ఇంటి భాష సవర. అది ముండా కుటుంబానికి చెందినది, తెలుగుతో చుట్టరికం లేనిది. బడిలో అతడు తెలుగు నేర్చుకొని, పదవ తరగతి వరకు ఆ భాషలోనే గణితం, విజ్ఞానశాస్త్రం చదివాడనుకుందాం. పాలిటెక్నిక్‌లో అడుగుపెట్టగానే పుస్తకాలన్నీ ఇంగ్లీషు. పదిహేనేళ్లు నిండేసరికి అతడు మూడవ భాషలోకి మారుతున్నాడు. పట్నం పిల్లవాడు రెండవ భాషలోకి మాత్రమే. బస్తరులో గోండి, హల్బీ మాట్లాడే విద్యార్థికి, రాంచీ పరిసరాల కురుఖ్, ముండారి మాట్లాడే విద్యార్థికి తెలుగు స్థానంలో హిందీ ఉంటుంది. తక్కిన కథ ఒకటే. గోండి, కురుఖ్ ద్రావిడ కుటుంబానికి చెందినవే అయినా, కుటుంబ సంబంధం తరగతి గదిలో అక్కరకు రాదు.

మొదటి సంవత్సరం గణితంలోనో, ఇంజనీరింగు డ్రాయింగులోనో తప్పిన విద్యార్థిని 'ఈ చదువుకు పనికిరాడు' అని అధ్యాపకుడు తేల్చివేయడం సులభం. విద్యార్థి కూడా ఆ తీర్పును నమ్ముతాడు. గీత గీయడంలో, కొలత తీయడంలో, లోహపు ముక్కను అంగుళంలో వెయ్యోవంతు తేడా లేకుండా ఆకురాయితో అరగదీయడంలో అతడు ఎవరికీ తీసిపోకపోవచ్చు. తప్పినది ప్రశ్నపత్రం భాషలో. వర్క్‌షాపులో భాష కంటె చేయి ముందు మాట్లాడుతుంది గనుక, మొదటి సంవత్సరంలో వర్క్‌షాపుకు ఎక్కువ ప్రాధాన్యమిచ్చి, ఆ పనిముట్ల పేర్లు, కొలతల మాటలు చేతితో నేర్పిన పిదప పుస్తకంలోకి తీసుకొని వెళితే ఫలితం వేరుగా ఉండగలదు. ఫిట్టరు, వెల్డరు వంటి మాటలు హిందీలోను తెలుగులోను ఇంగ్లీషు రూపంలోనే వాడుకలో ఉన్నవి. వాటిని అందరూ కొత్తగానే నేర్చుకుంటారు. ఆ ఒక్క విషయంలో సవర విద్యార్థి, పట్నం విద్యార్థి ఒకే గీత మీద నిలబడతారు.

చేతికందే ధనం, అందవలసిన పత్రం

మెట్రిక్ అనంతర ఉపకార వేతనాలు స్వాతంత్ర్యానికి ముందే 1944లో షెడ్యూల్డు కులాలకు ఆరంభమై, కొద్ది సంవత్సరాలలో షెడ్యూల్డు తెగలకు విస్తరించినవి. ఉన్నత విద్యలో గిరిజనుల సంఖ్య పెరగడానికి దీనికి మించిన ఒక్క కారణం చూపడం కష్టం. కేంద్ర పథకానికి కుటుంబ వార్షికాదాయ పరిమితి 2.5 లక్షల రూపాయలు. వ్యయంలో 75 శాతం కేంద్రానిది, తక్కినది రాష్ట్రానిది. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు కేంద్రం 90 శాతం భరిస్తుంది.

పథకం ఉండడం వేరు, డబ్బు సకాలంలో చేరడం వేరు. సాధారణ డిగ్రీ చదివేవాడు వేతనం ఆలస్యమైతే ఇంటికి వెళ్లి పరీక్షల నాటికి రాగలడు. పాలిటెక్నిక్ విద్యార్థికి, నర్సింగు విద్యార్థినికి ఆ వెసులుబాటు లేదు. వర్క్‌షాపు హాజరు, ఆసుపత్రి విధులు ఇంటి దగ్గర కూర్చుంటే పూర్తికావు. బోధన రుసుము ప్రభుత్వం నుండి రాలేదన్న కారణంతో కొన్ని ప్రైవేటు కళాశాలలు ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ వద్దే ఉంచుకోవడం కూడా అనుభవంలో ఉన్నదే. ధ్రువపత్రం లేని డిప్లొమా అప్రెంటిస్ శిక్షణకైనా పనికిరాదు. కనుక ఖర్చు ఎక్కువైన, హాజరు కఠినమైన చదువును వదలి, ఆగినా సాగినా నష్టం తక్కువైన చదువును ఎంచుకోవడం ఆ కుటుంబం దృష్టిలో వివేకమే. దానిని ఆసక్తి లేకపోవడమని అనడం అన్యాయం.

కుల ధ్రువపత్రం సంగతి మరొకటి. తెగ పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా, తండ్రి ఒక రాష్ట్రంలో, మేనమామ మరొక రాష్ట్రంలో నివసిస్తున్నా, సరిహద్దు గ్రామాలలో పత్రం కోసం తిరగడం ఒక వేసవి పని అవుతుంది. రాష్ట్ర సరిహద్దు గీసినవారు తెగల సరిహద్దు చూడలేదు.

'చేతిపని చదువు' అన్న చిన్నచూపు

ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. వృత్తి విద్య ప్రధాన విద్య కన్న తక్కువది అన్న భావం సమాజంలో నాటుకొని ఉన్నదని 2020 జాతీయ విద్యా విధానమే అంగీకరించింది. ఈ చిన్నచూపు అందరికీ ఉన్నదే అయినా, గిరిజన యువకుని విషయంలో దానికి ఒక అదనపు అర్థం వస్తుంది. తరతరాలుగా కూలికి, మోతకు, అడవి పనికి మాత్రమే పిలువబడినవారికి 'మీకు చేతిపని నేర్పుతాం' అనడం, చదువు పేరుతో మళ్లీ అదే చోట నిలబెట్టడంగా వినిపించవచ్చు. 'కలెక్టరు చదువు వారికి, రెంచి మాకా?' అన్న అనుమానం నిరాధారమైనది కాదు. రెండు మూడు నెలల శిక్షణ ఇచ్చి దూరనగరాలలో కాపలా పనికో, దుస్తుల కర్మాగారానికో పంపించే పద్ధతి ఈ అనుమానాన్ని బలపరచింది. అటువంటి శిక్షణకు తరువాతి మెట్టు లేదు. పైకి మెట్లు లేని శిక్షణను ఎంత ప్రచారం చేసినా ఆకాంక్ష పుట్టదు.

మెట్లు ఉన్నచోట పరిస్థితి వేరు. అరుణాచల్ ప్రదేశ్‌లోని నిర్జులీలో 1984లో ఏర్పడిన ఈశాన్య ప్రాంతీయ విజ్ఞాన సాంకేతిక సంస్థ ఈ విషయంలో ప్రత్యేకంగా చెప్పుకోదగినది. పదవ తరగతి ముగించిన విద్యార్థి అక్కడ చేరి రెండేళ్ల సర్టిఫికెట్ పూర్తిచేయవచ్చు. ఆపై రెండేళ్లు డిప్లొమా. ఆపై రెండేళ్లు ఇంజనీరింగు పట్టా. అలా మూడు అంచెలుగా దాని చదువును రూపొందించారు. ఏ మెట్టు దగ్గర ఆగినా చేతిలో ఒక వృత్తి ఉంటుంది, ముందుకు సాగదలచినవానికి తలుపు తెరచి ఉంటుంది. పదిహేనేళ్ల పిల్లవాడు 'నేను ఇంజనీరును అవుతాను' అని ఒకేసారి అనలేకపోవచ్చు. రెండేళ్ల తరువాత, ఒక మెట్టు ఎక్కిన ధైర్యంతో, అనగలడు. ఆకాంక్ష చదువుకు ముందే సిద్ధంగా ఉండి తీరాలని లేదు, చదువుతో పాటు పెరిగేది కూడా.

మన రాష్ట్రాలలో ఐ.టి.ఐ. పూర్తిచేసినవారికి పాలిటెక్నిక్ రెండవ సంవత్సరంలోను, డిప్లొమా పూర్తిచేసినవారికి బి.టెక్. రెండవ సంవత్సరంలోను ప్రవేశించే పద్ధతి ఉన్నది. కాగితం మీద మెట్లు ఉన్నాయి. ఐ.టి.ఐ.లో ఫిట్టరు కోర్సు చదివే కోయ విద్యార్థికి ఈ సంగతి మొదటి రోజున చెబుతున్నామా, చివరి రోజున కూడా చెప్పడం లేదా అన్నదే ప్రశ్న.

ఆడపిల్లల చదువు

గిరిజన బాలికల ఎంపికలో నర్సింగుకు గల స్థానం వేరుగా చెప్పుకోవాలి. ఛోటానాగపూరు పీఠభూమిలోని ఉరావ్, ముండా, ఖడియా కుటుంబాల బాలికలు మిషను ఆసుపత్రుల శిక్షణ ద్వారా ఈ వృత్తిలోకి వచ్చారు. ఒక అక్క వెళ్లింది, ఆమె వెంట చెల్లెలు, ఆ వెనుక పొరుగింటి పిల్ల. ఐజ్వాల్‌లో 1990 దశకంలో వెలసిన ప్రాంతీయ పారామెడికల్, నర్సింగు సంస్థ ఈశాన్యంలో ఇదే దారిని పట్టా స్థాయికి పెంచింది. నర్సింగును తల్లిదండ్రులు అంగీకరించడానికి కారణం కేవలం జీతం కాదు. చదివే చోటనే హాస్టలు ఉంటుంది, తోటివారు ఆడపిల్లలే ఎక్కువ, ఉద్యోగం తమ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా దొరకవచ్చు. ఈ మూడు హామీలు ఎలక్ట్రానిక్సు డిప్లొమాకు ఇచ్చి చూస్తే గాని, 'ఆడపిల్లలు యంత్రాల వైపు రారు' అన్న మాట నిజమో కాదో తేలదు.

కర్మాగారం జ్ఞాపకం, కాఫీ తోట

ఆకాంక్షలకు జ్ఞాపకాలు కూడా హద్దులు గీస్తాయి. రూర్కెలా ఉక్కు కర్మాగారం 1950 దశకంలో ఆదివాసుల భూములలో లేచింది. ఇనుము, బొగ్గు, అల్యూమినియం, జలాశయాల కోసం మధ్య భారతమంతటా ఇదే జరిగింది. జనాభాలో 8.6 శాతమైన షెడ్యూల్డు తెగలవారు నిర్వాసితులలో దాదాపు 40 శాతం ఉన్నారని ప్రొఫెసర్ వర్జీనియస్ ఖాఖా అధ్యక్షతన ఏర్పడిన ఉన్నత స్థాయి సంఘం 2014లో పేర్కొన్నది. భూమి ఇచ్చిన కుటుంబాలలో ఎందరికో దక్కినది కూలిపని; యంత్రం దగ్గర నిలబడినవారు దూరం నుండి వచ్చిన శిక్షితులు. కర్మాగారం గేటును బయటి నుండే చూచిన తాత, మనవడిని మెకానికల్ డిప్లొమాకు ఉత్సాహంగా పంపగలడా? ఆ డిప్లొమా ఆ గేటు లోపలి ఉద్యోగానికి నిజంగా తీసుకొని వెళ్లినదని ఊరిలో ఒక్కరైనా రుజువు చేయాలి.

దీనికి మరొక పార్శ్వం ఉన్నది. ఊరు విడవకుండా ఎదగాలన్న కోరికను వెనుకబాటుగా చూడనవసరం లేదు. విశాఖ మన్యంలో పాడేరు, అరకు ప్రాంతాల గిరిజన రైతులు పండించే కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. అటవీ ఫలసాయాన్ని సేకరించి అమ్మే గిరిజన సహకార సంస్థ 1956 నుండి పనిచేస్తున్నది. కాఫీ గింజల శుద్ధి, రుచి పరీక్ష, నాణ్యత నిర్ణయం, నేల పరీక్ష, సహకార సంఘం లెక్కలు ఇవన్నీ డిప్లొమా స్థాయి విద్య కోరే పనులు. తోట పనిలో పెరిగిన విద్యార్థికి ఇక్కడ సగం పాఠం ముందే వచ్చు. ఇంటి విద్యకు కళాశాలలో విలువ దొరికిన చోట చదువు పరాయిది అనిపించదు. అమరకంటక్‌లో ఇందిరాగాంధీ జాతీయ గిరిజన విశ్వవిద్యాలయం 2008లో, ఆంధ్రప్రదేశ్‌లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2019లో ప్రారంభమైనవి. ములుగులో సమ్మక్క సారక్క విశ్వవిద్యాలయానికి 2023లో పార్లమెంటు చట్టం చేసింది. వీటిలో ఇటువంటి కోర్సులకు ఎంత చోటు దొరుకుతుందన్నది ఆయా ప్రాంతాల విద్యార్థుల ఆశలను నేరుగా తాకే విషయం.

చివరగా, చూడటానికి అల్పమైన ఒక సంగతి. పదవ తరగతి పరీక్షలు ముగియగానే ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్లు మూతపడతాయి. పిల్లలు ఇంటికి వెళతారు. అది తునికాకు కోత కాలం. ఇంటిల్లిపాది తెల్లవారకముందే అడవికి పోతారు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష, ఐ.టి.ఐ. ప్రకటన, కౌన్సెలింగు తేదీలు సరిగ్గా ఆ వేసవిలోనే వస్తాయి. ప్రకటన పత్రికలో పడుతుంది, లేదా సెల్‌ఫోనుకు సంకేతం అందే చోట ఉన్నవారికి తెలుస్తుంది. వార్డెను, ఉపాధ్యాయుడు సెలవులకు ముందే పిల్లల చేత దరఖాస్తులు నింపించి, ధ్రువపత్రాలు ఒకచోట చేర్చి, తేదీలు ఊరి పెద్దకు చెప్పి ఉంచిన చోట విద్యార్థి ఎంపిక చేసుకుంటాడు. అలా చేయని చోట జూన్ నెలలో హాస్టలు తెరచేసరికి, దగ్గరలోని కళాశాలలో మిగిలిన సీటు ఏది ఉంటే అదే అతని ఎంపిక అవుతుంది.